పీకేసిన వైరులో హారతి

రాసుకో పాపా. నేను సెప్పింది సెప్పినట్టు రాయాల. నీ కాలేజీ తెలుగు దాంట్లో కలిపితే ఊరుకోను.

మొదట ఇది రాయి. దయ్యాలూ గియ్యాలూ నమ్మే మనిషిని కాదు నేను. మీ తాత పుంగనూర్లో మైకు సెట్టు నడిపినోడు. జాతరకు, పెండ్లికి, సావుకు, అన్నిటికీ సెట్టు కట్టినాడు. "శ్మశానం గోడ మీద హారను పెట్టినా గానీ దాంట్లో ఒక్క దయ్యమన్నా మాట్లాడలేదు మే" అని నవ్వేవాడు. సెట్టులో గరగర అనిందంటే లూజు కనెక్షను, అంతే. అట్లాంటి ఇంట్లో కాపురం సేసినదాన్ని నేను.

అందుకే నాకింత మంట. నమ్మేవాళ్ళకు జరిగింటే ఏందో అనుకుందును. నాకు యాల జరగాల? జరిగింది సెప్తే ఇంటిల్లిపాదీ నా మొగం సూసి నవ్వేది యాల?

సరే. మీ అమ్మ పెండ్లి కాడి నుంచి సెప్పాల.

మా అక్క పార్వతి. కుప్పానికి ఇచ్చినారు దాన్ని. మంగళహారతి పాడాలంటే మా వంశంలో అదే. పెండ్లికూతురు పేరు పెట్టి కడపటి చరణం కట్టి పాడడం మా ఇంటి ఆచారం. ఆ చరణం అయినంకే కర్పూరం పళ్ళెం కింద పెట్టేది. అక్క దానంతట అదే కట్టేది, పాడేదాకా ఎవురికీ సెప్పదు.

మీ అమ్మ సుజాత పెండ్లిలో అక్క మైకు ముందర నిలబడె. రెండు చరణాలు పాడె. మూడో దానికి నోరు తెరిసె. అంతే, పాట ఆగిపాయ. కరెంటు కూడా పాయ.

"కరెంటు పాయ, నేనేం సేసేది" అనె అక్క. కాదు. నేను పక్కనే ఉండాను. అది నోరు మూసినంక ఇంకా పందిట్లో లైట్లు వెలగతా ఉండాయి. ఒక్క క్షణమే. ఆ క్షణం నేను సూసినాను. మైకు లేకుంటే ఏం, వట్టి గొంతుతో పాడు అంటిని. మధ్యలో తెగిన హారతి మళ్ళీ ఎత్తుకోకూడదు, అశుభం అనె. అది కూడా మా ఆచారమే, కాదనను. కర్పూరం ఆరిపాయ.

నాకు ఒళ్ళు మండింది. "నా బిడ్డకు పేరు పెట్టి పాడేదానికి నీకు నోరు రాలేదా మే" అని నలుగుర్లో అడిగేస్తిని. అక్క భోజనం సెయ్యకుండా బస్సెక్కి పాయ. మళ్ళా మేము మాట్లాడుకోలే. నీకు ఎన్నేండ్లో అన్నేండ్లు. పోయినేడు అది సచ్చిపాయ. కుప్పం పోతిని, మొగం సూస్తిని, వస్తిని.

ఇప్పుడు సౌండు పెంచే ఆ డబ్బా, ఆంప్లిఫయరు సంగతి. యాల కొన్నామో తెలీకుంటే మిగతాది ఎవురికీ అర్థం కాదు.

మీ తాత సెట్టుకు టేపురికార్డరు తగిలించి ప్రతి పెండ్లీ క్యాసెట్టులో ఎక్కించేవాడు. మీ అమ్మ పెండ్లిది కూడా ఉండాది. టేపురికార్డరుకు కూడా అదే కరెంటు. కరెంటు పోతే దాంట్లో సప్పుడంతా జారిపోయి ఆగిపోతాది. అక్క పాడతా ఉండగా కరెంటు పోయింటే, పాటే జారాల. అక్క ముందే ఆపింటే, జారే ముందర ఒక్క ఊపిరంత ఖాళీ ఉండాల.

నాకు ఆ ఖాళీ వినాల. నాది నిజమని తేలాల. సచ్చినోళ్ళ మీద గెలిసి ఏం సేస్తావు అవ్వా అని నువ్వు అడిగితివి గదా. నాకు తేలాల, అంతే.

క్యాసెట్టును ఫోటో స్టూడియో ఆయన దగ్గర ఇచ్చి నీ ఫోన్లోకి ఎక్కించితివి. ఫోన్లో వింటే ఏముండాది, డబ్బాలో ఈగ మాదిరి. సెవిలో పెట్టుకునే సన్న బటన్లతో వింటే కీసుమనె. నా ఎడమ సెవి ముందే మందం.

మదనపల్లె బజార్లో మైకుసెట్ల అంగడికి పోతే, ఆ అంగడాయన నన్ను ఎగాదిగా సూసి "అవ్వా, నీకు కావాల్సింది సెవి మిషను, ఇది కాదు" అనె. వాల్వు సెట్టు ఉండాదా నాయనా అని మర్యాదగా అడిగితిని. "వాల్వులా? అవి మ్యూజియంలో ఉండాయి పో" అని పక్కోడితో కలిసి నవ్వె. వాల్వంటే ఏందో వాడికి తెలుసునా? మీ తాత సెట్టులో నాలుగు వాల్వులు ఉండె, కాగి ఎర్రగా వెలిగే గాజు బుడ్లు. అందరూ ట్రాన్సిస్టరు సెట్లకు మారినా ఆయన మారలే. వాల్వులో పాడేవాళ్ళ ఊపిరి కూడా వినబడతాది అనేవాడు. నాకు కావాల్సింది ఊపిరే గదా.

మళ్ళీ నువ్వే ఫోన్లో ఎతికి సెప్తివి, హెడ్‌ఫోన్లకని సన్న ఆంప్లిఫయర్లు, టిఫిను డబ్బా అంతవి, వాల్వు పెట్టినవి ఇంకా సేస్తా ఉండారని. అంతా వాల్వులతో సేసింది కొనాలంటే పాడి ఆవును అమ్మాల. అందుకని హైబ్రిడ్డు. ముందర ఒక వాల్వు, వెనక చిప్పు. గొంతుకు తీపి వాల్వు ఇస్తాది, బలం చిప్పు ఇస్తాది. నాకు ఒక్క నిమిషంలో అర్థమయ్యింది. నువ్వు రెండు దినాలు వీడియోలు సూస్తివి.

మొదట వచ్చిన డబ్బా గుర్తుందా? స్విచ్చి వేస్తానే వాల్వు ఎర్రగా భగ్గుమనె. నువ్వు "భలే ఉండాది అవ్వా" అంటివి. నాకు కోపం తన్నుకొచ్చె. వాల్వు అట్లా వెలుగుతాదా ఏమన్నా? అది కాగాల. మెల్లంగా, పొయ్యిలో బొగ్గు రాజుకున్నట్టు రావాల. వంగి సూస్తే వాల్వు అడుగున సన్న లైటు పెట్టి ఉండారు, రంగు కోసరం. నన్నే మోసం సేసేదానికి సూస్తారా? వాపసు పంపించేయ్ అంటిని.

రెండోది నేనే ఏరినాను. వాల్వు పీకి వేరేది పెట్టుకునేదానికి కుదరాల. హెడ్‌ఫోను బరువుది అయితే దాన్ని లాగే బలం ఉండాల, రెండూ కలిపి సూడాల గానీ ఒకటే సూసి కొనకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీగా పెట్టి వినాల. మీ తాత పద్ధతి అది. పాట లేకుండా వాల్యూము పెంచి, ఖాళీ సెట్టు ఎట్లా సప్పుడు సేస్తాదో వింటాడు. పాట అయిపోయినంక కూడా సెట్టు టక్కుమని ఆపడు, కొంచెంసేపు ఖాళీది విని, అప్పుడు ఆపుతాడు. నాకూ అదే అలవాటు. రెండో డబ్బా ఖాళీగా వింటే సన్నంగా స్స్ అనింది, వాన దూరంలో పడతా ఉన్నట్టు. ఇది మంచిది, ఉంచు అంటిని.

ఇప్పుడు ఆ ఆదివారం. పొద్దున పదకొండు. సీకటి కాదు, వాన కాదు, అమాస కాదు. రోడ్డు మీద టమాటా లారీలు పోతా ఉండాయి. నేను మంచం మీద కూర్చోని ఉండాను. డబ్బా స్టూలు మీద. డబ్బా నుంచి ఒక వైరు నీ ఫోనుకు, ఇంకొకటి నా సెవుల మీది హెడ్‌ఫోనుకు.

మూడుసార్లు విన్నాను. రెండు చరణాలు వస్తాయి, సప్పుడు జారతాది, ఆగిపోతాది. ఖాళీ ఉండాదా అంటే ఉన్నట్టే ఉండాది, లేదంటే లేనట్టే ఉండాది. ఏడుపు వచ్చె నాకు. ఇంత సేసి ఇదా అని.

నాలుగోసారి పెట్టమంటిని. కండ్లు మూసుకుంటిని. పాట వచ్చె, జారె, ఆగె. అలవాటు ప్రకారం నేను హెడ్‌ఫోను తియ్యలే. ఖాళీ సెట్టు వింటా ఉండాను. స్స్ అంటా ఉండాది.

అప్పుడు ఎవురో ఊపిరి లోపలికి తీసుకునె. సెవి పక్కనే.

మా అక్క పాట ఎత్తుకునె.

గొంతు ఏం వణకలే. మైకు ముందర నిలబడినట్టే పాడె. ఇది ఆ చరణం, తప్పు లేకుండా రాయి:

ఎడమసేత ముగ్గు పెట్టే ఎన్నెలమ్మకు హారతి
ఏ సేత వడ్డించినా ఇల్లు నిండునమ్మ హారతి
సుజాతమ్మ నేలుకోరా సుక్కలాంటి అల్లుడా

రెండుసార్లు పాడె. ఆడోళ్ళు వెనక అందుకునేది కూడా వినబడె. మళ్ళీ స్స్.

కండ్లు తెరిసి "పాపా, రా, నువ్వూ విను" అని పిలవబోతే నువ్వు లేవు. ఫోనూ లేదు. వైరు కొన మంచం అంచు మీంచి కిందికి వేలాడతా ఉండాది. దానికి ఏమీ తగిలించి లేదు.

నువ్వు మిద్దె మీద ఎవురితోనో ఫోన్లో మాట్లాడతా ఉండావు. ఎప్పుడు పీకినావే అంటే "పాట ఆగిపోతానే పీకినా అవ్వా, ఫోనొచ్చింది" అంటివి. రాయి అది. యాల పెన్ను ఆపినావు? నీ నోటితో నువ్వే అన్న మాటే గదా. సాక్షివి నువ్వు.

మీ నాయనకు సెప్తే, "ఊడిన వైరు రేడియోను పట్టుకుంటాది అత్తా, మామూలే" అనె. పెద్ద ఇంజినీరు మాదిరి. ఏ రేడియోలో నాయనా, నీ పెండ్లాం పేరు పెట్టి హారతి పాడతా ఉండారు అంటిని. సెవి డాక్టరు దగ్గరికి తీసకపోతే, వయసుకు సెవిలో మోత వస్తాదమ్మా అనె. మోత రాగం తీస్తాదా? మీ అమ్మ వేరే మాట సెప్పె. పెద్దమ్మ ముందే నీకు పాడి వినిపించి ఉంటాది, మర్సిపోయి ఉంటావు అని.

ఇదొక్కటే నేను ఆలోచించినాను. లేదు. ఎట్లా సెప్పగలనంటే, ఎడమ సెయ్యి.

మీ అమ్మది ఎడమసేతి వాటం. ముగ్గు పెట్టినా, వడ్డించినా అదే సెయ్యి. పెండ్లిసూపులప్పుడు కాఫీ పళ్ళెం కుడిసేత్తో పట్టుకోమని నేను గిల్లి గిల్లి నేర్పించినాను. మీ నాయన వాళ్ళకు పెండ్లి అయ్యేదాకా తెలీదు. ఆ మాట మైకులో పాడతానని అక్క ముందే నాకు సెప్పింటే, నేను మర్సిపోతానా? దాని నోరు నొక్కేసి ఉందును.

నా మాట ఎవురూ నమ్మలేదని నిన్ను వెంటేసుకోని కుప్పం పోతిని. పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట, రెండు బస్సులు మారి. అక్క కోడలు లక్ష్మి కాఫీ ఇచ్చె. అత్త పాటల పుస్తకం ఉండాదా అంటే పెట్టెలోంచి తెచ్చి ఇచ్చె. నువ్వే పేజీలు తిప్పితివి.

సుజాత పెండ్లి అని రాసి ఉండాది. కింద మూడు చరణాలు. మూడోది నేను విన్నదే. మాట మాటా. నువ్వు సదవతా ఉంటే నేను ముందర ముందర సెప్తా ఉంటిని. నువ్వు ఏలు పెట్టి మళ్ళీ మొదటినుంచి సదివితివి, కాదనొద్దు.

కానీ ఆ మూడో చరణం మీద అడ్డంగా గీత కొట్టి ఉండాది. ఒకటే గీత. పెన్నుతో.

అది ఎప్పుడు కొట్టిన గీత? నన్ను అడుగు. పెండ్లయినంక, నేను నలుగుర్లో అన్న మాటకు కోపంతో ఇంటికొచ్చి కొట్టిందా? లేకుంటే పెండ్లి పొద్దున్నే కొట్టిందా? ఆ పొద్దున అక్క బస్సు దిగి వచ్చినప్పుడు, వంటింట్లో నేను దాని సెవిలో "మొగపెండ్లోళ్ళకు ఎడమ సెయ్యి సంగతి తెలీదు, నోరు జారొద్దు" అని అన్నానేమో. అన్నట్టే ఉండాది. అనలేదేమో కూడా. ఆ దినం వంద మందితో వంద మాటలు అంటిని.

అట్లా అనింటే, అక్క కావాలనే ఆపింది. నా మాట కాపాడేదానికి ఆపింది. లైట్లు వెలగతా ఉండగానే. నేను సూసింది నిజమే. గెలిసింది నేనే. ఏం గెలుపు ఇది?

పుస్తకం లక్ష్మి సేతికి ఇచ్చేసి లేస్తిని. బస్సులో నీ మీద అరిసినాను, కిటికీ మూయలేదని.

కోపం యాడికీ పోలే నాకు. మేయ్ అక్కా, బతికుండగా ఒక్క ఫోను సేసి, నువ్వు సెప్పినందుకే ఆపినా అని అనొచ్చు గదా? ఇన్నేండ్లు నోరు మూసుకోని, సచ్చినంక వైరులో వస్తావా? నువ్వు సెయ్యొచ్చు గదా అవ్వా ఫోను అంటావా? అది రాయొద్దు. సరే, రాయి. నేను సెయ్యలే.

వాల్వు కాగినంక వైరు పీకేసి ఎన్నిసార్లో కూర్చున్నాను. స్స్ అంటాది. ఊపిరి రాలే, పాట రాలే. ఆ డబ్బాలో ఏముండాదో ఇప్పి సూద్దాం అని మీ నాయన అంటే ముట్టుకుంటే సెయ్యి ఇరగ్గొడతా అంటిని.

మీ అమ్మకు మాత్రం పోయిన శుక్రవారం కర్పూరం వెలిగించి ఆ చరణం నేనే పాడినాను. తెగిన హారతి ఎత్తుకోకూడదంటారు గదా, నేనేం ఎత్తుకోలే, మా అక్క ఎత్తుకున్నదాన్నే పాడినాను. మీ అమ్మ ఏడిసి, ఎడమసేత్తోనే హారతి కండ్లకు అద్దుకునె. ఈసారి నేనేం గిల్లలే.

నేను విన్నది ఏందని ఎవురన్నా అడిగితే సెప్పేదానికి నా దగ్గర ఏమీ లేదు పాపా. దయ్యమంటే నేను ఒప్పుకోను. సెవిలో మోత అంటే అసలు ఒప్పుకోను. ఫోను నీ సేతిలో మిద్దె మీద ఉండాది, వైరు కింద వేలాడతా ఉండాది, మా అక్క పాడింది. ఇంతే నాకు తెలిసింది.

సదువు ఒకసారి. నా మాట యాడన్నా మార్చింటివో, మొత్తం మళ్ళా రాయిస్తా.