ఆకుపచ్చ పెన్ను

నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో మా ప్లానింగ్ ఆఫీసరుగారి జేబులో ఎప్పుడూ ఆకుపచ్చ స్కెచ్ పెన్ను ఉండేది. మండపేట చుట్టుపక్కల వరిచేలల్లో వేసే ఏ లేఅవుట్ ప్లాను వచ్చినా, దాని మీద సైకిల్ దారి గీస్తేగాని ఆయన సంతకం పెట్టేవారు కాదు. "రేపటి జనం సైకిళ్ల మీదే తిరుగుతారండి" అనేవారు.

అలా పట్టుబట్టి వేయించిన ఒక దారిని చూడ్డానికి ఓసారి నన్నూ కారులో తీసుకెళ్లారు. అక్కడ ఒక్క ఇల్లూ లేవలేదు. ఆ పొలం అమ్ముకున్న రైతే సిమెంటు దారి పొడవునా ధాన్యం ఎండబోసి, కాళ్లతో తిరగేస్తున్నాడు.

"ఇది సైకిళ్ల కోసం వేసిందండి!" అన్నారు ఆఫీసరుగారు.

"సైకిలొస్తే తీసేస్తానండి. ఇంతకీ తమరు దేని మీదొచ్చారండి?" అన్నాడు రైతు.

ఆయన కారెక్కి, ఫైలు తెరిచి ఆకుపచ్చ పెన్నుతో రాశారు: "సైకిల్ దారి పూర్తి వినియోగంలో ఉన్నది."