పండగ అయ్యాక కూడా ఆగని నొప్పి

పాడేరు జిల్లా కేంద్రమైన మరుసటి చలికాలం, రిటైర్మెంటుకు ముందు నా ఆఖరి పోస్టింగ్ ఆ కొండల్లోని ఒక డయాలసిస్ యూనిట్‌కి పడింది. నేను జనరల్ ఫిజీషియన్‌ని. కిడ్నీ స్పెషలిస్టు విశాఖలో ఉండి ఫోన్‌లో సలహా ఇచ్చేవారు. యంత్రాలు టెక్నీషియన్లు చూసుకునేవారు. మిగతా తలనొప్పులన్నీ నావి.

గంగులమ్మది కాఫీ తోటల మధ్య చిన్న గూడెం. భర్త బొంజుబాబు జీపులో తీసుకొచ్చేవాడు. ఆమెకు కిడ్నీలు పాడవడంతో పాటు గుండె లయ కూడా తప్పింది. అలాంటి గుండెలో రక్తం గడ్డకట్టవచ్చని గుండె డాక్టరు రక్తాన్ని పల్చబరిచే మాత్ర రాశారు. డయాలసిస్ సూది తీశాక రక్తం ఆగడం లేదని ఒక సర్జన్ దాన్ని ఆపించారు. ఇద్దరి మాటా సబబే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఒకరోజు డయాలసిస్ మధ్యలో ఆమె కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. బీపీ పడిపోయింది. డయాలసిస్‌లో బీపీ పడి కడుపు నొప్పెట్టడం మాకు మామూలే. ఒంట్లో నీరు తీయడం ఆపి సెలైన్ ఎక్కించాం. బీపీ లేచింది గానీ నొప్పి తగ్గలేదు. నొక్కి చూస్తే కడుపు మెత్తగానే ఉంది. అంత నొప్పికీ ఆ మెత్తదనానికీ పొంతన కుదరలేదు. గ్యాస్ అనుకోనా, గుండె అనుకోనా? నిజం చెప్పాలంటే భయం వేసింది.

ఈలోగా బొంజుబాబు ఆమెను ఇంటికి తీసుకుపోతానన్నాడు. దిసారి చేత, అంటే వాళ్ల పూజలు చేసే పెద్ద చేత, పూజ చేయించాలట. అక్కడ చిక్కుడు కొత్త పండగ చేసి అమ్మవారికి పెట్టనిదే కొత్త చిక్కుడు నోట పెట్టరు. గంగులమ్మ ముందే తినేసిందట. అప్పటినుంచీ తిన్నప్పుడల్లా కడుపునొప్పి. ఆ తప్పుకు శిక్షేనని మాకు చెప్పకుండా తిండి తగ్గించేసింది.

అతనికీ ఒకటి అంతుపట్టలేదు. “పండగై పోనాది. కోడినిచ్చి తప్పు ఒప్పుకున్నాం. మరింకా ఈ నొప్పేటి బాబూ?” అన్నాడు.

నేనూ లోలోపల అదే అడుగుతున్నాను. బీపీ లేచింది కదా, ఇంకా నొప్పేమిటి? తింటే వచ్చే నొప్పి, చిక్కిపోయిన మనిషి, లయ తప్పిన గుండె. పేగులకు రక్తం తెచ్చే ధమని మూసుకుపోయిందేమోనని అప్పుడు తట్టింది. తేల్చుకోవడానికి మా దగ్గర స్కాన్ లేదు. ఆలస్యమైతే పేగు చచ్చిపోతుంది, ఆమె దక్కదు. అదే అతనితో చెప్పి, వెంటనే విశాఖ పంపాలన్నాను.

“పూజ తరవాత సేయించుకుంటాం. మనిషిని బేగి పంపండి,” అన్నాడు.

విశాఖలో స్కాన్ తీస్తే ధమనిలో గడ్డ కనబడింది. గడ్డ తీసి, చచ్చిన పేగు ముక్క కోసేశారు. ఆమె బతికింది. గడ్డ గుండె నుంచి వచ్చిందో, పాడైన ధమనిలోనే కట్టిందో వాళ్లూ తేల్చలేదు. మాత్ర మళ్లీ మొదలుపెట్టారు, సూది గాయం మళ్లీ కారసాగింది.

తిరిగొచ్చాక గంగులమ్మ, “మరి సిక్కుడు తప్పు కాదా బాబూ?” అని అడిగింది. కాదన్నాను. ఆమె నమ్మలేదు.

డయాలసిస్ రోగికి, అందులోనూ గుండె లయ తప్పిన రోగికి, మనం అనుకున్న కారణం తీరాక కూడా కడుపునొప్పి ఉంటే ఆ కారణాన్ని వదిలేయాలి. ఆ పూట అతను పండగను వదిలాడు, నేను బీపీని వదిలాను. ఇద్దరిలో ఏ ఒక్కరం పట్టుబట్టినా ఆమె ఉండేది కాదు.