సిమెంటు తొట్టిలో బాప్తిస్మం

నేను బాప్తిస్మం తీసుకుంది కవిటి దగ్గర మా ఊరి గెడ్డలో. కొబ్బరితోటల మధ్య నుంచి సముద్రానికి పోయే ఆ నీళ్లలో అప్పట్లో కాళ్ల కింద ఇసుక కనిపించేది. ఇప్పుడు అడుగు పెడితే నల్లటి బురద, కంపు. ఎగువనున్న చెరువుల్లో రొయ్యలు పట్టాక ఆ కుళ్లునీళ్లన్నీ గొట్టం పెట్టి గెడ్డలోకే వదులుతారు. ఆ చెరువులు మా చర్చి సంఘపెద్దవి. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం?

ఎవరికీ చెప్పుకోలేదు. బాప్తిస్మాలకని చర్చి వెనక సిమెంటు తొట్టి కట్టుకున్నాం. కట్టించిందీ ఆయనే. కిడ్నీలు పాడై జనం డయాలసిస్‌కి పలాస తిరిగే ఊళ్లలో, ఒక్క మునక కోసం మంచినీళ్లు ట్యాంకరుతో తెప్పించి, సాయంత్రానికి పారబోస్తాం. దానికి స్తోత్రం కూడా చెల్లిస్తాం.

నేను సండేస్కూలు మాస్టరుని. దేవుడు తోటని మనిషి చేతిలో పెట్టింది కాపాడమనేనని ఏళ్లుగా పిల్లలకి చెబుతున్నాను. వాళ్లచేత మొక్కలు నాటించాను, సముద్రపు ఒడ్డున ప్లాస్టిక్ ఏరించాను. గొట్టం ఊసు మాత్రం ఎత్తలేదు. ప్లాస్టిక్ తాలూకు మనిషెవడూ ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చోడు కదా.

పోయినేడు మా అమ్మాయి బాప్తిస్మానికి పేరిచ్చి ఇంటికొచ్చింది.

"నాను గెడ్డలోనే తీసుకుంతాను నాన్నా."

"ఆ నీల్లలోనా? ఒల్లంతా దురదలొత్తాయి."

"అయితే ఆ గొట్టం మూయించు. కాపాడమన్నాడని నువ్వే కదా సెప్పావు. కమిటీలో అడుగుతావా, అడగవా?"

అడుగుతానని మాటిచ్చాను.

కమిటీలో లేచి, "గెడ్డ గురించి ఒక మాట" అన్నాను. సంఘపెద్ద నా వైపు తిరిగి, "సెప్పండి మాస్టారూ" అన్నాడు, ఎంతో మర్యాదగా. "గట్టున నాలుగు మొక్కలు ఏస్తే బాగుంతాదని" అన్నాను. అందరూ సరేనన్నారు. పాస్టరుగారు ప్రార్థనతో ముగించారు. నా మీద నాకే అంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

ఇంటికెళ్లాక అమ్మాయి నా మొహం చూసి సంగతి గ్రహించింది. వాళ్లమ్మ బతిమాలితే చివరికి తొట్టికే ఒప్పుకుంది.

బాప్తిస్మం ఇచ్చిన ఆదివారం అమ్మాయి నీళ్లలోంచి లేచి మెట్లెక్కేసరికి, సంఘపెద్ద పొడి తువ్వాలు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. తను ఆ తువ్వాలు వైపు చూసింది, తర్వాత నా వైపు. అప్పుడైనా నోరు విప్పి ఉండొచ్చు.

"తీసుకోమ్మా, పెద్దాయన ఇత్తన్నారు" అన్నాను.

తీసుకోలేదు. తడిబట్టలతోనే జనం మధ్యలోంచి ఇంటికి నడిచి వెళ్లిపోయింది. ఆయన చెయ్యి ఇంకా చాచే ఉంది. నేనే ముందుకెళ్లి తువ్వాలు అందుకుని, "వందనాలండీ" అన్నాను.