క్యాబేజీ పీపాలో పడ్డ మీట

ఎఫ్తీమీ పెరట్లో ఏడేళ్ళుగా ఒక జీపు ఉంది. ఉంది అనడమే గానీ, మొదటి మూడేళ్ళు అది జీపని ఇరుగుపొరుగును నమ్మించడానికే సరిపోయింది. కొండ మీద అడవి కాపలాదారు దాన్ని కోళ్ళగూడుగా వాడుకుంటుంటే, రెండు పెద్ద జాడీల ప్లమ్ సారా ఇచ్చి, గుర్రాలతో లాగించి తెచ్చుకున్నాడు. కోళ్ళు కూడా వెంటే వచ్చాయి. ఇప్పటికీ వెనక సీటు కిందే గుడ్లు పెడతాయి.

ఊళ్ళో జీపుల ఫ్యాక్టరీ ఉన్న రోజుల్లో ఎఫ్తీమీ పదహారో ఏట లేతు మిషను ముందు నిలబడ్డాడు. ముప్ఫై నాలుగేళ్ళు అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, లేతులు పాత ఇనుము కింద పోయాయి. ఊరందరికీ జీపు చేయడం వచ్చు, జీపు మాత్రం ఒక్కడికీ లేదు. ఆ ఉక్రోషమే ఎఫ్తీమీ చేత కోళ్ళగూడు కొనిపించింది.

అప్పట్నించి ఇల్లు ఇల్లులా లేదు. స్నానాల తొట్టిలో గేర్లు నానాయి. రంగు వేసిన దీపాల చట్రాలు వంటింటి ఓవెన్లో ఆరాయి. ఆ ఈస్టరుకి కాల్చిన తీపి రొట్టె తింటే పెయింటు డబ్బా నాకినట్టుంది.

"ఏమయ్యా, నన్ను కూడా విప్పి కిరోసిన్లో నానబెడతావా?" అంది భార్య లుక్రేత్సియా.

"నీకు తుప్పేం పట్టలేదే."

"పట్టింది. మోకాళ్ళకి. నీకు కనపడితేగా!"

కొత్త సంవత్సరం నాడు ఆమె తీర్పు చెప్పేసింది. "ఏప్రిల్లో సెయింట్ జార్జి పండగ నాటికి ఇది తనంతట తాను గేటు దాటాలి. దాటలేదా, గోగు బండెక్కుతుంది. ఆ చోట నా టమాటా పందిరి లేస్తుంది."

గోగు అంటే మైకు పెట్టుకుని వీధి వీధీ తిరిగి పాత ఇనుము ఏరుకునేవాడు. లుక్రేత్సియా అన్నదంటే అన్నదే. ఒకసారి, గురక మానకపోతే వంటింట్లో పడుకోబెడతానంది. పదకొండేళ్ళుగా ఎఫ్తీమీ పడక వంటింట్లోనే.

ఫిబ్రవరి నాటికి మిగిలింది ఒకే ఒక్క పని. పెట్రోలు పంపు లోపల బొటనవేలంత ఇనుప మీట ఉంటుంది. అది ఊగితేనే పెట్రోలు ఇంజనుకి ఎక్కుతుంది. ఆ మీట తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఇంకొకటి దొరకదు, చేద్దామంటే లేతు లేదు. గీకితే అరిగిపోతుంది. దీనికి ఫ్యాక్టరీ పాతకాపులకి తెలిసిన వైద్యం ఒకటుంది. ఇనుముకి తుప్పు వదలాలన్నా, మనిషికి నిషా దిగాలన్నా పులిసిన క్యాబేజీ నీళ్ళే అనేవాళ్ళు. ఎఫ్తీమీ ఇంటి నేలమాళిగలో ఆ నీళ్ళు ఒక పీపా నిండా ఉన్నాయి. చలికాలమంతా ఇంటిల్లిపాదీ తినే ఊరబెట్టిన క్యాబేజీ అందులోనే ఉంది. లుక్రేత్సియా పాత మేజోడులో మీటని వేసి, పీపా అంచుకి కట్టి, లోపలికి వదిలాడు. వారం రోజులేగా, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు.

ఆ వారంలోనే పోయినవాళ్ళ శనివారం వచ్చింది. ఆ రోజు చనిపోయినవాళ్ళ పేరు మీద కొవ్వొత్తి వెలిగించి తిండి దానమిస్తారు. ఇచ్చింది పైన వాళ్ళకి చేరుతుంది. పుచ్చుకునేవాడు వద్దనకుండా 'దేవుడు మన్నించాలి' అనాలి, ఇచ్చినవాడు వెనక్కి అడగకూడదు. లుక్రేత్సియా తన తండ్రి పేరు మీద క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి పొట్లాలు వండింది. ఎందుకో ఈసారి నల్లగా వచ్చాయి. పూజారి యోసిఫ్ ఒకటి కొరికి, "అమ్మా, ఈ ఏడు కాస్త బలంగా ఉంది" అని, దాని మీద రెండు గ్లాసుల వైను తాగాడు. పక్కింటి పాంఫిల్, భార్య పోయినవాడు, తన వంట తనే చేసుకుంటాడు. అందుకని వాడికి పీపాలోంచి ఒక గుండు క్యాబేజీని అలాగే తీసి, కొవ్వొత్తితో సహా ఇచ్చింది.

సోమవారం ఎఫ్తీమీ మేజోడు పైకి లాగాడు. బొటనవేలి దగ్గర చిరుగు. మీట లేదు. భుజం దాకా చెయ్యి పెట్టి దేవాడు. చివరికి బకెట్లతో పీపా మొత్తం తోడేశాడు.

"ఏం చేస్తున్నావక్కడ?"

"క్యాబేజీలు లెక్కపెడుతున్నా."

"ఎందుకు?"

"తగ్గాయేమోనని."

"తగ్గాయి. తిన్నాం," అని లుక్రేత్సియా పైకి వెళ్ళిపోయింది.

సాయంత్రం కంచె అవతల నుంచి పాంఫిల్ గొంతు వినపడింది. "ఒరే ఎఫ్తీమీ! మీ ఇంటి క్యాబేజీకి గింజ ఎప్పట్నించి వచ్చిందిరా? నా కత్తి అంచు విరిగింది!"

ఊరబెట్టే ముందు క్యాబేజీ కాడ తొలిచి ఉప్పు కూరుతారు కదా, ఆ తొర్రలో దూరింది మీట. పాంఫిల్ అరచేతిలో తళతళలాడుతోంది, ఒక్క మచ్చ లేదు. అది ఏమిటో వాడికి చెప్పక్కర్లేదు. పాంఫిల్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు తనిఖీ మేస్త్రీ. చేతిలో ఎర్ర సుద్ద, కళ్ళలో నిప్పులు. ఒకే రోజు ఎఫ్తీమీ లేతు మీద చెక్కిన కడ్డీలు రెండు వందలు వెంట్రుకవాసి తేడా అని గీత గీసి పారేయించాడు. ఎఫ్తీమీ అది ఈ జన్మకి మర్చిపోడు.

"అది నాదిరా. ఇటియ్యి."

"నీదెలా అవుతుంది? నీ పెళ్ళాం కొవ్వొత్తి వెలిగించి మీ మామ పేరు మీద ఇచ్చింది. దేవుడు మన్నించాలి అని నేను పుచ్చుకున్నాను. ఇప్పుడిది పైన మీ మామ దగ్గరుంది."

"మా మామకి సైకిలు తొక్కడం కూడా రాదురా!"

"నేర్చుకుంటాడు. అక్కడ తీరికకేం కొదవ?"

ఎఫ్తీమీ యోసిఫ్ పూజారి దగ్గరికి పరిగెత్తాడు. అడగాలంటే జరిగింది చెప్పాలి, చెప్పాడు. ఆయన ముందు పొట్ట తడుముకున్నాడు.

"అందులో బోల్టులు కూడా ఏమైనా వేశావా నాయనా?"

"లేదు స్వామీ, మీటొక్కటే."

"దేవుడి దయ. దానమిచ్చింది వెనక్కి అడగడానికి లేదు. వాడంతట వాడు ఇంకొకరి పేరు మీద నీకు దానమిస్తే అది వేరు."

పాంఫిల్ చేత ఇప్పించడం కంటే రాతి చేత పాలు పిండించడం తేలిక. ఎఫ్తీమీ సారా పట్టుకెళ్ళాడు, వాడు తాగి సీసా తిరిగిచ్చాడు. కట్టెలు కొట్టిపెట్టాడు, వాడు పక్కన నిలబడి ఏది పొట్టి ఏది పొడుగో చెప్పాడు. ఈస్టరు ముందు లెంటు ఉపవాసాల రోజులు సగం అలాగే గడిచిపోయాయి. గోగు మైకు వీధిలో వినపడ్డప్పుడల్లా ఎఫ్తీమీ పెరట్లోకి పరిగెత్తేవాడు. జీపు పక్కన నిలబడి దాని బానెట్ మీద చెయ్యి వేసి ఉంచేవాడు.

ఒకరోజు పాంఫిల్ ఉన్నట్టుండి అడిగాడు. "ఇది నడిస్తే, పొయానా గట్టు ఎక్కుతుందా?"

"గోడ కూడా ఎక్కుతుంది!" అన్నాడు ఎఫ్తీమీ రొమ్ము విరుచుకుని.

పాంఫిల్ మారుమాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. వాడు నోరు మూసుకోవడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. ఎఫ్తీమీ వింతగా చెబితే లుక్రేత్సియా చేతిలో గరిట పక్కన పెట్టేసింది.

"వెర్రి మొద్దూ! స్మరాంద ఉన్నది ఆ గట్టు మీదేగా!"

పాంఫిల్ భార్య స్మరాంద పుట్టింటివాళ్ళది ఆ గట్టు మీది పల్లె. అక్కడే అమ్మ పక్కన పడుకోబెట్టమంది, పడుకోబెట్టారు. మరుసటి వేసవిలో వాన దారిని ఊడ్చేసింది. బస్సు పోదు, కారు పోదు, పాంఫిల్ మోకాళ్ళు అసలే పోవు. నాలుగేళ్ళయింది వాడు అక్కడ కొవ్వొత్తి వెలిగించి.

"జీపులో ముందు సీట్లో కూచుని పుట్టింటికి పోవాలని దానికి ఎంత సరదానో తెలుసా?" అంది లుక్రేత్సియా. "ఏటా అడిగేది. ఈ పాంఫిల్ వేల జీపులు పాస్ చేసి ఊరికి వదిలాడు, దానికి మాత్రం వచ్చే ఏడు చూద్దాం అనేవాడు."

రెండు వందల కడ్డీల మీద ఎఫ్తీమీ కోపం ఆ పూటకి కనపడకుండా పోయింది. మర్నాడు కంచె దగ్గర నిలబడి, సారా లేకుండా, గొడ్డలి లేకుండా అన్నాడు. "పాంఫిల్, అది నడిస్తే మొదట పొయానాకే. నీ మీటిచ్చినా ఇవ్వకపోయినా. ఇవ్వకపోతే మాత్రం నెట్టుకుంటూ పోవాలి."

ఈస్టరు ముందు గురువారం, అది కూడా పోయినవాళ్ళ దినమే, తెల్లారగానే కంచె మీంచి వెలిగించిన కొవ్వొత్తి కనపడింది. దాని కింద కుట్టుపని తువ్వాల్లో చుట్టిన మీట.

"స్మరాంద పేరు మీద," అన్నాడు పాంఫిల్.

"దేవుడు మన్నించాలి," అని ఎఫ్తీమీ రెండు చేతులా పుచ్చుకున్నాడు.

సెయింట్ జార్జి పండగ ఉదయం గోగు గేటు దగ్గర బండి ఆపి, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ నిలబడ్డాడు. ఎఫ్తీమీ తాళం తిప్పాడు. జీపు దగ్గింది. మళ్ళీ తిప్పాడు. నల్లటి పొగ, గోధుమరంగు కోళ్ళు రెండూ ఒకేసారి బయటికొచ్చాయి. ఆ తర్వాత ఇంజను అందుకుంది. ఎఫ్తీమీ కళ్ళు తుడుచుకున్నాడు, పొగ వల్లేనని అందరికీ చెప్పాడు.

"ఇంతేనా?" అని గోగు నిరాశగా బండి తోలుకుపోయాడు.

లుక్రేత్సియా పూల రుమాలు కట్టుకుని, పర్సు పట్టుకుని వచ్చింది. ఏడేళ్ళు తిట్టింది గనక తొలి సవారీ తన హక్కనుకుంది. ముందు తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టింది.

"చెల్లెమ్మా," అన్నాడు పాంఫిల్ వెనక నుంచి, మెల్లగా. "ఆ సీటు స్మరాందది."

లుక్రేత్సియా దేవుడితోనైనా వాదించే మనిషి. ఈసారి ఒక్క మాట అనలేదు. కాలు వెనక్కి తీసి, వెనక్కెళ్ళి పాంఫిల్ పక్కన, కోళ్ళ గడ్డి మీద కూర్చుంది. కింద ఒక గుడ్డు పగిలింది. దానికీ ఏమీ అనలేదు.

ఖాళీ సీటు పక్కన కూర్చుని ఎఫ్తీమీ గేటు దాటాడు, వాగు దాటాడు, ఊడిపోయిన దారి మీద రాళ్ళెక్కాడు. ప్రతి గుంతకీ ముందే వేగం తగ్గించాడు.

గట్టు మీద సమాధుల ముందు బండి ఆగింది. పాంఫిల్ అందరికంటే ముందు దిగి, కుంటుకుంటూ చుట్టూ తిరిగొచ్చి, ముందు తలుపు తీశాడు. తీసి పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఒక మనిషి నిదానంగా దిగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. తర్వాత తలుపు వేసి ఎఫ్తీమీ వైపు చూశాడు.

"బిగుతుగా ఉంది. కాస్త నూనె వెయ్యి. స్మరాందకి చేతుల్లో బలం తక్కువ."

ఎఫ్తీమీ సీటు కింద నుంచి నూనె డబ్బా తీశాడు.