కొత్త పొడిలో పాత విత్తనాలు

“నిదానంగా వేయించమంటే వింటివా వదినా? సెగ పెంచినావు. చూడు, పొట్లాలన్నీ ముక్కిన వాసన వస్తాండాయి!”

“సెగ ఎక్కువైతే మాడుతాది, చేదొస్తాది. ముక్కిన వాసన యాడ నుంచి వస్తాది మే? ఇన్నేండ్లుగా పెండ్లిండ్లకు వండుతాండా, నా చేతికి వంక పెట్టినోళ్ళు లేరు.”

“నేను పుస్తకంలో రాసిపెట్టుకోనుండా. ఆ పొద్దు పొయ్యి కాడ ఉండింది నువ్వే.”

“నీ పుస్తకానికి ముక్కుండాదా, వాసన చూసేకి?”

నా కోడలికీ పక్కింటి ఆమెకూ మా వసారాలో జరిగిన ఈ తగవుకు ఇప్పటికి కొన్నేండ్లయింది. మొన్న అంగట్లో నా మనవరాలు ఏదో పొడి పొట్లం తిప్పి, వెనక అచ్చేసిన తేదీ చూసి తిరిగి పెట్టేస్తుంటే, ఆ మాటలన్నీ మళ్ళీ చెవిలో పడ్డాయి. ఆ పూట నేను గోడకానుకుని చింతపండు గింజలు తీస్తూ, ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

మనవరాలు పట్టుకుపోయిన మా చెనిక్కాయల పొడి హాస్టలు పిల్లలు పంచుకు తిని ఇంకా తెమ్మంటున్నారని విన్ననాడు, దీన్ని అంగట్లో పెడితే ఎట్లుంటుందని కోడలికి తోచింది. పొడి కొట్టడానికి ఏడాది ఆలోచన దేనికని నేను ఎగతాళి చేశాను గానీ, ఆ పిల్ల చేసిన పని అట్లాంటిది. ఎవరి చేను కాయలు, ఎంతసేపు వేయించాలి, తెల్లగడ్డ ఎంత, కారం ఎంత అని ప్రతిదీ పొడుగాటి పుస్తకంలో ఎక్కించేది. ఎండుకొబ్బరి వేసింది తొందరగా చెడితే కొబ్బరి వేయడం మానేసింది. పొట్లాలు కట్టి వారానికొకటి విప్పి వాసన చూసేది. వీధిలో నాలుగిళ్ళకు రుచి చూపించి, పొగిడినా తిట్టినా వాళ్ళ మాట ఉన్నదున్నట్టు రాసుకునేది. మూడో తరగతితో బడి మానేసిన నాకు ఆ రాతంతా వేడుకగా ఉండేది.

చివరికి మైదుకూరులో ఒక అంగడాయన ముందు వరుసలో పెడతానని ఒప్పుకున్నాడు. వలిచే పని నాది, వేయించే పని పక్కింటి ఆమెది. ఈ ఏటి కాయలే వలవమని కోడలు నాకు రెండుసార్లు చెప్పింది.

నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, మన ఇండ్లలో పాతది అయిపోకుండా కొత్తది ముట్టేవాళ్ళం కాదు. కిందటేడు విత్తనానికని దాచుకున్న కాయలు, వాన రాక చేను బీడు పడిపోతే, రెండు మూటలు అట్లే మిగిలాయి. నోటి దగ్గర తిండి పారేస్తే పాపమనుకున్నాను. కోడలు అటు వెళ్ళింది చూసి వాటిని వలిచి కొత్త గింజల్లో కలిపేశాను. వేయించిన వేడిలో, తెల్లగడ్డ ఘాటులో ఆ రోజుకు ఏమీ తెలియలేదు. నెల తిరక్కుండా పొట్లాలన్నీ వెనక్కి వచ్చాయి.

పక్కింటి ఆమె చెంగు దులుపుకుని వెళ్ళిపోయాక, కోడలు కండ్లు తుడుచుకుంటూ పుస్తకంలో ఏదో రాసి లోపలికి పోయింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. వేయించడంలో తప్పు అని ఉంది. ఏడాదిగా ఆ పిల్ల అందులో ఒక్క అబద్ధం రాయలేదు. మొదటిది నా వల్ల చేరింది.

అదీ చాలదన్నట్టు, ఆ సాయంత్రం పెండ్లి పెట్టుకున్న ఎదురింటి ఇల్లాలు వచ్చి, మీ పక్కింటి ఆమె చేతి వంట ఇప్పుడు బాగుండడం లేదంట, నిజమేనా అని అడిగింది. నేను “ఏమో” అన్నాను. ఇన్నేండ్లలో ఎన్ని మాటలు మిగిలినా మిగలకపోయినా ఆ ఒక్క మాట మాత్రం నన్ను వదల్లేదు.

ఇప్పుడు ప్రతి పొట్లం మీదా తేదీ వేస్తున్నారు, లోపల ఏముందో అచ్చు గుద్దుతున్నారు. మనకు అవన్నీ ఎక్కడివి? ముక్కిన పొడి అయితే ఇంకో చుక్క నూనె పోసుకుని మనమే తినేవాళ్ళం, పొదుపు చేశామని మురిసేవాళ్ళం. మన ఇంట్లో మనం తినేదానికీ, ముఖం తెలియనివాళ్ళ చేతికిచ్చేదానికీ తేడా ఉంటుందని ఆ పిల్ల ఏడాదిగా రాస్తూ చెప్పినా నాకెక్కలేదు. పెద్దదాన్నన్న గర్వం అడ్డమొచ్చింది.

మరునాడు పొద్దున లేస్తూనే కోడలికి చెప్పేశాను. ఆ పిల్ల పుస్తకం తెచ్చుకుంది. ఆ వరుస కొట్టేసి, నేను కలిపిన సంగతి రాసింది. పక్కింటికి వెళ్ళి తలుపు దగ్గరే నిలబడి, ఎదురింటామెతో అన్న మాటతో సహా ఆమెకూ చెప్పాను. ఆమె అంతా విని, “నాకెందుకు చెప్తాండావు పెద్దమ్మా, పోయి పెండ్లోళ్ళకు చెప్పు” అని తలుపేసుకుంది. ఎదురింటికి వెళ్ళి చెప్పాను. వాళ్ళు అప్పటికే పెండ్లి వంటకు వేరే ఆమెకు తాంబూలం ఇచ్చి పంపేశారు.