నాలుగో మంచం

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మింది నా తెలివినే. అది దయ్యాలకంటే అరుదుగా కనిపిస్తుందని ఆ రోజు తెలిసింది.

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకుంటాను. ఐసీయూలో ఏ మంచం ఖాళీగా ఉందో చెప్పడానికి చిన్న షెల్ స్క్రిప్టు, అంటే షెల్లు అనే ప్రోగ్రాము వరసగా పాటించే ఆజ్ఞల చిట్టా, రాశాను. ఫైలులో మంచం నంబరుకు ఎదురుగా రోగి పేరుంటే ‘ఉన్నారు’, లేకుంటే ‘ఖాళీ’. ఖాళీ అని వస్తేనే కొత్తవాళ్ళను చేర్చుకునే పేజీ తెరుచుకుంటుంది. అందులో పేరెక్కనిదే మంచం ఇవ్వరు. అదీ నా ఘనకార్యమే.

స్క్రిప్టు పెట్టిన మర్నాడే, మధ్యాహ్నం సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు సత్తయ్య, ఊపిరాడని తండ్రిని తెచ్చాడు. నాలుగో మంచం మీది పెద్దాయన పొద్దున్నే పోయాడు. మిగతావన్నీ నిండి ఉన్నాయి. తెర మాత్రం నాలుగో మంచంలోనూ ‘ఉన్నారు’ అంటోంది.

నన్ను ఐసీయూకు పిలిచారు. స్వరూప సిస్టర్ కోపంగా ఉంది. “పేరు నా చేతులతోనే తీసిన సార్. మీ కంప్యూటర్‌కు కండ్లున్నయా?”

తప్పు వెంటనే దొరికింది. పేరుందా అని అడిగే షరతులో పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టలేదు. అలా పెట్టకపోతే, పేరు లేనప్పుడు షెల్లు ముందు ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. దాన్నే పేరనుకుని ‘ఉన్నారు’ అనేస్తుంది. అదీ నాలాంటిదే.

గుర్తులు పెట్టాను. నకలు ఫైలులో ఐదో మంచం పేరు తీసి చూస్తే ‘ఖాళీ’. ఆరోదీ ఖాళీ. నాలుగోది ‘ఉన్నారు’.

ప్రతి అడుగూ చూపించమని షెల్లును అడిగాను. రెండు గుర్తుల మధ్య ఏమీ లేదు. కంటికి కనబడని అక్షరమైనా లేదు. అయినా ‘ఉన్నారు’.

బయట స్ట్రెచర్ మీద ముసలాయనకు ఆక్సిజన్ సిలిండర్ పెట్టారు. సత్తయ్య తలుపు దగ్గరికి వచ్చాడు.

“సారూ, మంచం ఉత్తగనే ఉన్నది గద. అండ్ల ఎవలున్నరని మా బాపును రానిస్తలేరు?”

అంతలో పొద్దున పోయినాయన కొడుకు ఆదిలాబాద్ నుంచి వచ్చాడు. ఇంటి బయట ప్రాణం పోయినవాళ్ళను, పోయిన చోటికే వెళ్ళి ఇంటికి పిలుచుకోవడం వాళ్ళ ఇంటి ఆచారమట. శవం దగ్గరికి పోకముందే నాలుగో మంచం పక్కన నిలబడి మెల్లగా అన్నాడు.

“బాపూ, నేనొచ్చిన. ఇంటికి పోదాం పా.”

స్క్రిప్టు తనంతట తాను మళ్ళీ నడిచింది. ‘ఖాళీ’. నా చేతులు కీబోర్డు మీద లేవు.

సత్తయ్య తండ్రిని ఎక్కించారు. మరునాటి పొద్దు ఆయన చూడలేదు. జర ముందు వచ్చుంటే బాగుండేదని డాక్టర్ అన్నాడు. వచ్చింది ముందే.

తర్వాత ఎన్నిసార్లు నడిపినా ఆ షరతు సరిగ్గానే చెప్పింది. ఆ పూట ఎందుకు చెప్పలేదో నాకిప్పటికీ అర్థం కాలేదు. దాన్నేమీ చేయలేక, స్క్రిప్టులోంచి ఆ షరతునే పీకేశాను. మంచం ఖాళీయా అని ఇప్పుడు షెల్లును ఎవరూ అడగరు. స్వరూప సిస్టర్ లేచి వెళ్ళి, పరుపు మీద చెయ్యి పెట్టి చూసి చెబుతుంది.