మాస్టారి కుడివైపు

స్క్వాష్ ఆట నేర్పే మాస్టారికి కోర్టులో ఉంటే సగం నిద్ర, సగం మెలకువ. నాలుగు తెల్లగోడలు, పైకప్పు అద్దంలోంచి దిగే పల్చటి వెలుగు, గోడకు తగిలి తిరిగొచ్చే బంతి చప్పుడు. ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడులోనే తేలిపోతున్నారు. దెబ్బ సరైన క్షణంలో పడిందో లేదో కళ్లు మూసుకుని చెప్పేస్తారు. అంతటి మనిషి ఒక పిచ్చిపని చేశారు.

ఆరునెలల కిందట ఆయన కుడికంటికి పాలపొగలాంటి తెర కమ్మింది. కుడివైపు బంతి కలలో వచ్చినట్టు వచ్చి, తల తిప్పేలోపు మాయమయ్యేది. చెబితే క్లబ్బులో ఉద్యోగం ఊడుతుందని భయం. తేలు కుట్టిన దొంగలా నోరు మెదపకుండా, అందరికీ ఎడమవైపు ఆడే బ్యాక్‌హ్యాండే నేర్పసాగారు. అది వస్తే కుడివైపు ఆడే ఫోర్‌హ్యాండ్ దానంతటదే వస్తుందనేవారు. వస్తుందా, పాడా! కానీ మాస్టారికి ఎదురు చెప్పేదెవరు?

ఆయన కోడలు నర్సు. ఇంట్లో నర్సును పెట్టుకుని కన్ను దాచిన ఘనుడాయన. పాపం ఆ పిల్ల డ్యూటీ దిగి, అలసిన ఒంటితోనే మామగారి దగ్గర ఈ ఆరునెలలూ రోజూ నేర్చుకుంది. క్లబ్బు పోటీలో ఫైనల్ దాకా వచ్చింది.

మొదటి గేమ్ బ్యాక్‌హ్యాండ్‌తోనే గెలిచేసింది. ఎదుటి అమ్మాయి తెలివైనది. రెండో గేమ్ నుంచి బంతులన్నీ కుడివైపుకే పంపింది. రెండూ మూడూ పోయాయి. కోర్టు బయట మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. కోడలి ప్రతి ఫోర్‌హ్యాండూ రెప్పపాటు తొందరగా మోగుతోంది.

విరామంలో కోడలు తలుపు దగ్గరికొచ్చింది. మాస్టారి పక్కనే క్లబ్బు సెక్రటరీ ఉన్నారు.

"మామయ్యా, కుడివైపు బంతి మధ్యలోకే పోతోంది. ఏం తప్పు చేస్తున్నాను?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆ మొహం చూశాక అబద్ధమాడడానికి మాస్టారికి నోరు రాలేదు.

"తప్పు నాదమ్మా. నాకు కుడికన్ను కనబడట్లేదు. అందుకే ఆ వైపు నేర్పలేదు. బ్యాక్‌హ్యాండ్‌లో ముందుపాదం దాటి ఎదురెళ్లి కొడతావు కదా, ఇక్కడా అదే చేస్తున్నావు. ఇక్కడ ఆగు. బంతిని పాదం పక్కదాకా రానివ్వు, అప్పుడు కొట్టు."

కోడలు లోపలికి వెళ్లింది. కన్ను బాగయ్యేదాకా కోర్టులోకి దిగవద్దని సెక్రటరీ నెమ్మదిగానే చెప్పారు. మాస్టారు తలూపారు. ఆయన చెవులు లోపలే ఉన్నాయి. నాలుగో గేమ్‌లో రెండు దెబ్బలు తడబడ్డాయి. మూడోది నిండుగా మోగింది, ఆ తర్వాతదీ అంతే. ఒళ్లంతా తేలికై మాస్టారు ఎక్కడో మబ్బుల్లో ఉన్నట్టు విన్నారు.

రెండు పాయింట్ల తేడాతో ఆ గేమూ, దాంతో ఫైనలూ కోడలు ఓడిపోయింది.

చెమట తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"నెల ముందు చెప్పుంటే గెలిచేదాన్ని, మామయ్యా."

"గెలిచేదానివమ్మా."

ఆయన కళ్లు నిండాయి. కోడలికి కోపం తగ్గలేదు. అయినా ఆయన గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగు వైపు తిప్పి, కుడిరెప్పను వేలితో ఎత్తి చూడసాగింది.